మట్టి క్రోమా: కాగితం చెప్పేదెంత, మనం ఊహించుకునేదెంత?



పై వీడియోలో మట్టిని గుండ్రటి కాగితం మీద పారించి రంగుల చక్రం ఎట్ల వస్తదో చూపించిన. వీడియోలో కొలతలు తొందరగా చెప్పుకుంట పోయిన, రాసుకునే టైం ఇయ్యలేదు. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్న. దీంతోపాటు వీడియోలో చెప్పని ముచ్చట ఒకటి ఉంది, అది కూడా చెప్త.

ముందు ఆ ముచ్చట. ఒక ఏడాది వానాకాలం ముందు మా ఊర్లో రైతుల మీటింగ్ పెట్టిండ్రు. వచ్చినాయన రెండు కాగితాలు పైకెత్తి చూపించిండు. ఒకటి బూడిద రంగు, నడుమల నల్ల మచ్చ. "ఇది మీ ఊరి నేల, సచ్చిపోయింది" అన్నడు. రెండోది బంగారు రంగు, పువ్వు విచ్చుకున్నట్టు ఉంది. "ఇది మా ద్రావణం పోసిన నేల" అన్నడు. మా పెద్దనాయిన అక్కడికక్కడ రెండు డబ్బాలు కొన్నడు. ఆ రెండు మట్టిలు ఒక్క చేనుయేనా, ఒక్క లోతుల నుంచి తీసినవేనా, ఒక్క రోజు చేసినవేనా అని ఎవ్వరం అడగలే. వ్యవసాయ డిప్లొమా చదివిన నేను కూడా అడగలే. ఆ సిగ్గుతోనే ఈ పరీక్ష సొంతంగా చేయడం నేర్చుకున్న.

ఇప్పుడు వీడియో కింద ఎక్కువ మంది అడుగుతున్నది కూడా అదే: "తమ్మీ, కాగితం చూసి ఏం కొనాలె?" ఒక్క మాటలో జవాబు: ఏమీ కొనొద్దు. ఈ కాగితం మందుల చీటీ కాదు. ఎందుకు కాదో అర్థం కావాలంటే అది పనిచేసే తీరు తెలవాలె.

క్రోమాటోగ్రఫీ అంటే ఏంది?

చిన్నప్పుడు బడిలో చాక్‌పీసు మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, కింది కొస నీళ్లలో ఉంచినం గుర్తుందా? నీళ్లు పైకి పాకుతుంటే నల్ల సిరా నీలం, ఎరుపు, పసుపుగా విడిపోతది. అదే క్రోమాటోగ్రఫీ. గ్రీకు మాటల్లో "రంగు" ప్లస్ "రాయడం". మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త సున్నపు పొడి నింపిన గాజు గొట్టంలో ఆకు రసం పోసి, ఆకుపచ్చ, పసుపు రంగులు వేర్వేరు పట్టీలుగా దిగడం చూసిండు. 1903లో ఆ సంగతి చెప్పిండు, 1906లో దానికి ఈ పేరు పెట్టిండు.

సూత్రం ఒక్కటే. ఒకటి కదిలేది, ఒకటి కదలనిది. కదిలేది నీళ్లు లాంటి ద్రవం. కదలనిది కాగితమో, సున్నమో, జెల్ గుండ్లో. రెండిటి నడుమ మన పదార్థం పోతుంటది. నీళ్లతో స్నేహం ఎక్కువున్నది ముందుకు ఉరుకుతది, కాగితాన్ని పట్టుకునేది వెనుక పడ్తది. అట్ల విడిపోతయి.

ఇంగ్లండులో లీడ్స్‌లోని ఉన్ని పరిశోధన సంస్థలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అనే ఇద్దరు ఉన్నిలోని ప్రోటీన్ దేంతో కట్టి ఉందో తేల్చడానికి ఈ పద్ధతికి 1941లో కొత్త రూపం ఇచ్చిండ్రు. ఆ తర్వాత 1944లో మార్టిన్ బృందం మామూలు వడపోత కాగితం మీదనే అమైనో ఆమ్లాలను విడదీసి చూపించింది. ఆ ఇద్దరికీ 1952లో నోబెల్ వచ్చింది. గొర్రె ఉన్ని దగ్గర మొదలైన పని అది. రైతుకు దూరపుదేం కాదు.

పెద్ద అణువులు, చిన్న అణువులు

యూరియా, పొటాష్ లాంటివి చిన్న అణువులు. నీళ్లలో కరుగుతయి, మొక్క తాగుతది, మిగిలింది కొట్టుకపోతది. ప్రోటీన్లు, పిండి పదార్థాలు, డీఎన్‌ఏ లాంటివి బృహదణువులు, అంటే వేల ముక్కలు దండలాగ గుచ్చిన పెద్ద అణువులు. నేలలో జిగురు పని చేసేది ఎక్కువగా ఇవే. సూక్ష్మజీవులు వదిలే బంక, శిలీంధ్రాల పోగులు మట్టి రేణువులను పట్టి గుళికలు కడతయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త సారా రైట్ 1996లో వేర్లతో కలిసి బతికే శిలీంధ్రాల నుంచి వచ్చే ఇసొంటి జిగురు ప్రోటీన్‌ను వెలికితీసి, గ్లొమాలిన్ అని పేరు పెట్టింది. దాన్ని మట్టి నుంచి విడిపించాలంటే సిట్రేట్ ద్రావణంలో పెట్టి 121 డిగ్రీల ఆవిరి మీద ఉడికియ్యాలె. అంత గట్టిగ పట్టుకుంటది. తర్వాత వచ్చిన పరిశోధకులు అట్ల తీసిన దాంట్లో వేరే ప్రోటీన్లు కూడా కలుస్తయని చూపించిండ్రు. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా "గ్లొమాలిన్‌కు సంబంధించిన మట్టి ప్రోటీన్" అని రాస్తరు.

ల్యాబుల్లో ఇసొంటి బృహదణువులను విడదీసే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది సైజును బట్టి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. ఎడ్లబండి దుకాణాల సందుల్లోకి పోలేదు, పెద్ద బాట పట్టుకొని సీదా ముందుకు పోతది. చిన్న పిల్లగాడు ప్రతి సందులో దూరి, గాజుల దుకాణం, మిఠాయి దుకాణం చూసుకుంట ఆఖరికి వస్తడు. గొట్టంలో సన్న రంధ్రాలున్న జెల్ గుండ్లు నింపి ద్రావణం పోస్తే గట్లనే పెద్ద అణువులు ముందు దిగుతయి, చిన్నవి రంధ్రాల్లో తిరిగి తిరిగి వెనుక దిగుతయి. స్వీడన్ ఉప్సలాలో పోరాథ్, ఫ్లోడిన్ 1959లో ఈ పద్ధతి చెప్పిండ్రు.

రెండోది విద్యుదావేశాన్ని బట్టి. ప్లస్ ఉన్నదాన్ని మైనస్ పట్టుకుంటది. దీనికి ల్యాబే అక్కరలేదు, మన నేలే అసొంటి గొట్టం. 1850లో ఇంగ్లండులో థాంసన్, వే అనే ఇద్దరు మట్టి గుండా అమ్మోనియం ఉప్పు నీళ్లు పారిస్తే మట్టి అమ్మోనియంను పట్టుకొని బదులుగా కాల్షియంను వదులుతదని చూపించిండ్రు. ఆదిలాబాద్ నల్ల రేగడి బంకమట్టికి ఈ పట్టు ఎక్కువ. మా కరీంనగర్ వైపు ఎర్ర చెలకకు తక్కువ. అందుకే చెలకలో పోషకం నిలవాలంటే సేంద్రియ పదార్థమే దిక్కు.

మూడోది తాళం, తాళంచెవి లాగ. ఒక ప్రోటీన్‌ను మాత్రమే పట్టుకునేదాన్ని దారిలో కూర్చోబెడతరు. మిగతావన్నీ దాటిపోతయి, అదొక్కటి ఆగుతది. పత్తి రైతులు దీన్ని చూసే ఉంటరు, పేరే తెలవకపోవచ్చు. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. బీటీ జన్యువు మొక్కలో తయారు చేయించే క్రై1ఏసీ ప్రోటీన్ కూడా బృహదణువే. ఆకు ముక్కను చిన్న గొట్టంలో ద్రావణం పోసి నలిపి స్ట్రిప్ ముంచితే, రసం పైకి పాకుతది. ఆ ప్రోటీన్ ఉంటే గీత దగ్గర చిక్కి రంగు తేలుతది. రెండు గీతలు పడితే ఉన్నట్టు, పైగీత ఒక్కటే పడితే లేనట్టు, పైగీతే పడకపోతే స్ట్రిప్ చెడిపోయినట్టు. సేంద్రియ పత్తి ధృవీకరణలో జన్యుమార్పిడి విత్తనం నిషేధం కాబట్టి, మన గట్టు పక్కనే బీటీ ఉన్నప్పుడు ఇది పనికొచ్చే పరీక్ష. అయితే ఒకటి యాదుంచుకోండ్రి: ఒక ఆకు పరీక్ష ఆ ఒక్క మొక్క సంగతే చెప్తది, చేను మొత్తానిది కాదు.

ఈ మూడు పద్ధతులతో పోలిస్తే మన మట్టి క్రోమా మోటుది. అది తెలిసి చేస్తే మాత్రం మంచి పనిముట్టు.

మట్టి క్రోమా ఎక్కడిది?

ఎరెన్‌ఫ్రీడ్ ఫైఫర్ జర్మనీలో పుట్టినాయన. బయోడైనమిక్ వ్యవసాయానికి మూలమైన రుడాల్ఫ్ స్టైనర్ దగ్గర పనిచేసి, 1940లో అమెరికా పోయిండు. మట్టిని, కంపోస్టును పోల్చడానికి గుండ్రటి కాగితం పద్ధతిని అక్కడ అభివృద్ధి చేసిండు. కాస్టిక్ సోడా నీళ్లు మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని కరిగిస్తయి. ఆ ద్రావణం సిల్వర్ నైట్రేట్ పట్టిన కాగితం మీద పారినప్పుడు వెండి, సేంద్రియ పదార్థం, వెలుతురు కలిసి గోధుమ రంగు వలయాలు గీస్తయి.

కావలసినవి

గుండ్రటి వడపోత కాగితం, 15 సెంటీమీటర్ల వెడల్పుది, వాట్‌మన్ నంబర్ 1 లేదా 4. ఒకటి ఎంచుకుంటే అదే వాడాలె, కలపొద్దు. సిల్వర్ నైట్రేట్, సోడియం హైడ్రాక్సైడ్ అంటే కాస్టిక్ సోడా, డిస్టిల్డ్ వాటర్, గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాంటా, మూతి వెడల్పున్న గాజు సీసాలు, చిన్న గాజు మూతలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు.

బోరు నీళ్లు వద్దు. నమ్మకం లేకపోతే నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూడండ్రి. పాల చుక్క పడ్డట్టు తెల్లబడితే ఆ నీళ్లలో ఉప్పు ఉన్నట్టే.

జాగ్రత్త: కాస్టిక్ సోడా చర్మాన్ని, కంటిని కాలుస్తది. ఎప్పుడైనా నీళ్లలో సోడా వేయాలె, సోడా మీద నీళ్లు పోయొద్దు. సిల్వర్ నైట్రేట్ చేతికి అంటితే నల్ల మరక పడి రోజుల కొద్దీ పోదు, కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు తిరిగే కాడ, వంటింట్ల పెట్టొద్దు. తాగే నీళ్ల సీసాల్లో అసలే పోయొద్దు.

చేసే తీరు

1. చేనులో వంకర టింకరగా నడుస్తూ 8 నుంచి 10 జాగల్లో ఆరు అంగుళాల లోతు వరకు మట్టి తీయాలె. గట్టు, చెట్టు నీడ, పెంటకుప్ప పోసిన జాగ వదిలిపెట్టాలె. అన్నీ కలిపి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు ఉంచుకుంట పిడికెడు అయ్యేదాక తగ్గించాలె.

2. నీడలో ఆరబెట్టాలె. ఎండలో, పొయ్యి మీద వద్దు. మెల్లగ నలిపి సన్న జల్లెడ పట్టాలె.

3. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ సోడా వేస్తే 1 శాతం ద్రావణం. 5 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్లు పోయాలె. వెంటనే ఒకసారి, 15 నిమిషాలకు ఒకసారి, గంటకు ఒకసారి గిరగిర తిప్పాలె. తర్వాత 6 గంటలు కదపొద్దు.

4. కాగితం నట్టనడుమ సన్న రంధ్రం చేయాలె. నడుమ నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర, 6 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ చుక్కలు పెట్టాలె. అంచుకు నంబరు పెన్సిల్‌తోనే రాయాలె. పెన్ను సిరా పారుతది.

5. అదే రకం కాగితం 2 సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, గట్టిగ చుట్టి వత్తి చేసి రంధ్రంలో దూర్చాలె.

6. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కు అర గ్రాము సిల్వర్ నైట్రేట్, అంటే 0.5 శాతం. చిన్న మూతలో కొద్దిగ పోసి, వత్తి కింది కొస మునిగేటట్టు కాగితాన్ని పైన నిలపాలె. తడి 4 సెంటీమీటర్ల చుక్కకు రాంగనే తీసి, వత్తి లాగేసి, కాగితాన్ని చీకటి డబ్బాలో రెండు టిష్యూల నడుమ పూర్తిగ ఆరనియ్యాలె.

7. ఆరినంక కొత్త వత్తి పెట్టి, ఇప్పుడు మట్టి ద్రావణం పైతేట మీద నిలపాలె. 6 సెంటీమీటర్ల చుక్కకు రాంగనే తీయాలె. సీసా అడుగున దిగిన మట్టి కదలకుండ తేటను మెల్లగ వంచుకోవాలె.

8. వత్తి తీసి ఆరబెట్టి, నేరుగా ఎండ పడని వెలుతురులో వారం పది రోజులు ఉంచాలె. రంగు రోజురోజుకు తేలుతది. ఫోటో అన్నిటికీ ఒకే రోజు లెక్కన, ఒకే వెలుతురులో తీయాలె.

కాగితం నడుమ భాగాన్ని వేలుతో ముట్టొద్దు. చెమటలోని ఉప్పు కూడా వెండితో కలిసి మచ్చ చేస్తది. నా మొదటి కాగితాల మీద మట్టి కంటె నా వేలిముద్రలే మంచిగ వచ్చినయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మిగిలిన వెండి ద్రావణాన్ని మడిలో, బాయిలో, జీవామృతం డ్రమ్ము దగ్గర పారబోయొద్దు. వెండి సూక్ష్మజీవులను చంపుతది. ఉప్పు కలిపితే వెండి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతది. ఆ సీసాను దాచిపెట్టి, దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇచ్చేయండ్రి.

వలయాలను ఎట్ల చూస్తరు?

నడుమ నుంచి బయటికి నాలుగు భాగాలుగా చదువుతరు. నట్టనడుమ భాగాన్ని గాలి ఆడే గుణానికి, రెండో వలయాన్ని ఖనిజాలకు, మూడోదాన్ని సేంద్రియ పదార్థానికి, బయటి అంచును ఎంజైములు, ప్రోటీన్లకు గుర్తుగా చెప్తరు. నడుమ లేత మీగడ రంగు ఉండి, గోధుమ, బంగారు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఈకల్లాంటి గీతలు నడుమ నుంచి అంచుదాక పోయి, అంచు మబ్బుమబ్బుగా, పండ్లు పండ్లుగా ఉంటే మంచి నేల అంటరు. నల్ల నడుమ, బూడిద లేదా ఊదా రంగు, గీత గీసినట్టు వేరైన వలయాలు ఉంటే బిగుసుకపోయిన నేల అంటరు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఈ పేర్లు అనుభవంతో పెట్టినవి. అంచు ముక్క కోసి, దాంట్లో ఫలానా ప్రోటీన్ ఇంత ఉందని తేల్చి పెట్టినవి కావు. పైగా మనం వాడే కాస్టిక్ సోడానే మట్టిలోని పదార్థాన్ని మారుస్తది. క్షారంతో హ్యూమస్ తీయడం 1786లో ఆఖార్డ్ నుంచి ఉన్న పద్ధతి. 2015లో లేమన్, క్లీబర్ అనే శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాసిందేందంటే, అట్ల వచ్చే హ్యూమిక్ పదార్థాలు నేలలో ఆ రూపంలోనే ఉన్నయని అనుకోవద్దు, క్షారమే వాటిని అట్ల చేస్తదని. అంటే కాగితం మీది బొమ్మ నేల ఫోటో కాదు. నేలకు, సోడాకు, వెండికి నడుమ నడిచిన ముచ్చట అది.

మరి ఎందుకు చేయాలె? పోల్చడానికి. ఒకే తీరుగ చేస్తే, ఒకే రకం నేలలో తేడా ఉన్నదా లేదా అనేది కంటికి కనిపిస్తది.

నా కాగితాలు ఏం చెప్పినయి?

మా చెలకలో ఒక మడి ఐదేండ్లుగా రసాయనం లేకుండ ఉంది. ఏటా జీలుగ, పెసర దున్నుతున్న, గడ్డి కాలబెట్టకుండ కప్పుతున్న. గట్టు అవతల అదే చెలక, రెండు పంటలూ వరే, కొయ్యకాళ్లు కాలబెట్టే మడి. ఈ రెండిటి కాగితాలు పక్కపక్కన పెడితే పిల్లలు కూడా వేరు చేసిండ్రు. మొదటిదాంట్లో ఈకలు అంచుదాక పోయినయి. రెండోదాంట్లో వలయాలు గిరిగీసినట్టు ఆగినయి. నేల రకం ఒకటే కాబట్టి ఈ పోలిక న్యాయమైనది.

తర్వాత ఆదిలాబాద్ వైపు మా అత్తగారి ఊరి పత్తి చేను రేగడి తెచ్చి చేసిన. కాగితం చిక్కటి గోధుమ రంగులో వచ్చింది. "మామా, మీ నేల బంగారం" అని ఫోన్ కూడా చేసిన. అదే మట్టి ల్యాబుకు పంపితే సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపే వచ్చింది, అంటే "తక్కువ". మామ నవ్విండు: "అల్లుడా, నల్లగున్నదంతా పెంట అనుకున్నవా?" నిజమే. రేగడి నలుపును చూసి హ్యూమస్ ఎక్కువ అనుకుంటం, కానీ మన రేగళ్లలో కర్బనం చాలాసార్లు తక్కువే. ఇంకో చిక్కు కూడా ఉంది. సోడియం తగిలితే రేగడి బంక విడిపోయి నీళ్లలో తేలుతది, 6 గంటలకు కూడా తేట దిగదు. ఆ బంకే నా కాగితం మీదికి ఎక్కింది. అందుకే రేగడిని చెలకతో పోల్చొద్దు. రేగడిని రేగడితోనే పోల్చాలె. తేట దిగడానికి 6 గంటలు సరిపోకపోతే ఎక్కువసేపు ఉంచండ్రి, కానీ అన్ని సీసాలనూ అంతేసేపు ఉంచాలె.

మూడోది నా వ్యాపారం ముచ్చట. నేను వర్మీకంపోస్టు అమ్ముత. ఒక బెడ్డు ఎరువు చూడ్డానికి నల్లగ, పొడిపొడిగ ఉంది, ఆర్డర్లు కూడా ఉన్నయి. కాగితం మాత్రం పాత బెడ్ల కాగితాల లెక్క రాలేదు, ముద్దగ నల్లటి చక్రం వచ్చింది. అనుమానమొచ్చి గుప్పెడు ఎరువు తడిపి కవర్లో మూట కట్టి మూడు రోజులు పెట్టిన. విప్పితే పులిసిన వాసన. ఇంకా మాగలేదు. నెల ఆగి అమ్మిన. ఒక ఆర్డరు పోయింది, పేరు పోలేదు.

పెద్దనాయిన చేను పరీక్ష

ఇప్పుడు మొదటి ముచ్చటకు వద్దాం. పెద్దనాయిన కొన్న ద్రావణాన్ని ఆయన మడిలోనే పరీక్ష పెట్టినం. ఒక భాగంలో ఆ ద్రావణం. ఒక భాగంలో మన జీవామృతం: ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, పిడికెడు గట్టు మట్టి లెక్కన. ఒక భాగంలో ఏమీ పోయలే. పంట కోసినంక ఒక్కో భాగం నుంచి మట్టి తీసి, ఒక్కోదానికి మూడు కాగితాలు, మొత్తం తొమ్మిది చేసిన. నంబర్లు మా ఆవిడ వేసింది, ఏ నంబరు ఏ భాగానిదో నాకు చెప్పలే.

పది రోజులకు తొమ్మిది కాగితాలు బల్ల మీద పరిచి, మూడు గుంపులు చేయమంది. చేయలేకపోయిన. ద్రావణం పోసిన భాగం వేరుగ తేలలే.

ఇది విని సంబరపడే ముందు మిగతాది కూడా వినాలె. జీవామృతం పోసిన భాగం కూడా తేలలే. అది రాయడం నాకు కష్టంగనే ఉంది, కానీ ద్రావణం కాగితాన్ని నమ్మి నా కాగితాన్ని దాచిపెడితే ఆ మీటింగ్‌కు వచ్చినాయనకు, నాకు తేడా ఏముంది? ఒక్క పంట, ఒక్క మడి, ఒక మోటు పరీక్ష. దీంతో ద్రావణం దండగ అనీ చెప్పలేం, జీవామృతం పనిచేయదనీ చెప్పలేం. చెప్పగలిగింది ఒక్కటే: ఒక్క సీజన్‌లో కాగితం రంగు మార్చేస్తనంటే నమ్మొద్దు. తేడా తేలింది ఐదేండ్లు పచ్చిరొట్ట, గడ్డి తిన్న మడికే. కర్బనం డబ్బాలో రాదు, ఏండ్ల కొద్దీ కూడుతది.

ఇంకోటి. ఆ తొమ్మిదిలో ఒకే మట్టి మూడు కాగితాలు కూడా ఒకదానికొకటి సరిపోలలే. ఒకటి ముసురు పట్టిన రోజు ఆరింది, అంచు పాకింది. దాన్నొక్కదాన్నే పక్కన పెట్టి, మంచిగ వచ్చినదాన్ని ఇంకో పక్కన పెట్టి చూపిస్తే, ఒకే మడిని సచ్చిన నేల అనీ, బతికిన నేల అనీ రెండు రకాలుగ అమ్మొచ్చు.

ఎవరన్న కాగితం చూపిస్తే అడగాల్సినవి

- రెండు మట్టిలు ఒకే రకం నేలవా, ఒకే లోతువా?
- ఒకే రోజు, ఒకే సీసా ద్రావణంతో చేసినవా?
- ఒక్కో మట్టికి ఎన్ని కాగితాలు చేసిండ్రు? మిగతావి ఏవి?
- చదివినాయనకు ఏది ఏ మట్టో ముందే తెలుసా?

ఈ నాలుగిటికి జవాబు రాకపోతే పైసలు జేబులోనే ఉంచుకోండ్రి.

కాగితం చెప్పనివి

నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతున్నయో ఇది చెప్పదు. జింకు లోపం చెప్పదు. పీహెచ్, ఉప్పు శాతం చెప్పదు. పురుగుమందు అవశేషాలు అసలే చెప్పదు. వాటికి మట్టి పరీక్షే దారి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటయి, సేంద్రియ కర్బనం వాటిలో ఒకటి. 0.5 శాతం కంటె తక్కువుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. కార్డు కోసం మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండ్రి. జమ్మికుంట, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో, జగిత్యాల పొలాస పరిశోధన స్థానంలో అడిగినా దారి చెప్తరు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకోటి ఉంది. ఎండిన మట్టి పెడ్డను గాజు గ్లాసు నీళ్లలో మెల్లగ వదలండ్రి. పైన చెప్పిన జిగురు ఉంటే పెడ్డ నిలుస్తది. లేకపోతే నిమిషాల్లో కూలి బురదైతది. మీ సాగు మడి పెడ్డ, కలుపు కూడా దున్నని గట్టు పెడ్డ పక్కపక్కన వేస్తే మీ నేల ఏం పోగొట్టుకుందో కళ్ల ముందరే కనిపిస్తది.

నేను చేసే పద్ధతి ఇది: ఏటా ఎండాకాలం, దుక్కికి ముందు, అదే మడి, అదే జాగలు, అదే లోతు. మట్టికి మూడు కాగితాలు. వెనుక తేదీ, పంట, ఏం వేసిన, ఆ రోజు వాతావరణం. కార్డు కాపీ దాంతోపాటే కవర్లో. ఒక్క ఏడాది కాగితం బొమ్మ మాత్రమే. ఐదేండ్ల కాగితాలు వరుసగ పెడితే అది మన మడి చరిత్ర.

పెద్దనాయిన ఆ డబ్బాల్లో ఒకటి ఇంకా విప్పలే. ఈ ఏడు ఆయన మడిలో జీలుగ చల్లినం. ఐదో ఏడు కాగితం తీసినప్పుడు, ఎట్ల వచ్చినా సరే, వీడియోలో చూపిస్త.

మీరు చేసి చూస్తే మంచిగ వచ్చిన కాగితం ఒక్కటే కాదు, చెడిపోయినవి కూడా కలిపి ఫోటో పెట్టండ్రి. అందరం నేర్చుకునేది వాటి నుంచే.